ప్రపంచ యుద్ధం వస్తే ఏ కత్తి దగ్గరుండాలి? గుంటూరు తమ్ముడికి కాస్త పెద్ద జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: రేపు నిజంగానే ప్రపంచ యుద్ధం వస్తే బతికి బట్టకట్టడానికి ఏ కత్తి కొనాలి, బడ్జెట్ ఐదు వేలు, ఉండేది గుంటూరులో మూడో అంతస్తు ఫ్లాట్, ఇంట్లో అమ్మ, చెల్లి, ఇప్పటికే 12 ఇంచుల నల్ల టాక్టికల్ (అదే, మిలిటరీ స్టైల్) కత్తి ఒకటి కార్ట్‌లో పెట్టుకున్నా, అది ఓకేనా అని. ఓకే కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కాస్త టైమ్ పట్టుద్ది, టీ తెచ్చుకుని కూర్చో.

నా సంగతి ఒక ముక్క. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టల పని మాది, అంటే లారీ కింద బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు, మా నాన్న కాలం నుంచీ. ఉక్కుని కాల్చడం, వంచడం, మళ్ళీ గట్టిపరచడం రోజూ చేసేదే. కత్తుల పిచ్చి దాన్లోంచే పుట్టింది. అందుకే బ్రాండ్ల గురించి తక్కువ, ఇనుము గురించి ఎక్కువ మాట్లాడతా, ఏమనుకోకు.

ఈ రోజుల్లో యుద్ధం అంటే పైన డ్రోన్లు, మిసైళ్ళు, కింద కరెంటు పోవడం, షాపులు ఖాళీ అవడం. కత్తి పట్టుకుని ఎదురెళ్ళే సీను నీ జీవితంలో రాదు, ఖర్మ కాలి వచ్చినా కత్తులతో కొట్టుకున్న ఇద్దరూ ఆస్పత్రికే పోతారు, యుద్ధంలో ఆ ఆస్పత్రిలో డాక్టర్ ఉంటాడో లేదో ఎవడికి తెలుసు. సైన్యాల సంగతే చూడు. స్విట్జర్లాండ్ సైన్యం 1891లో సైనికులకి ఒక మడత కత్తి ఇచ్చింది, ఇప్పుడు స్విస్ నైఫ్ అంటాం చూడు, దానికి తాత అన్నమాట. అందులో ఏమున్నయ్యా అంటే ఒక బ్లేడు, బొక్కలు పెట్టే మొన, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్, అంతే. స్క్రూడ్రైవర్ రైఫిల్ విప్పడానికి, ఓపెనర్ తిండి తినడానికి. మొదటి లాటు చేసే కెపాసిటీ వాళ్ళ దేశంలో లేక జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పించుకున్నారు, అది వేరే కథ. అమెరికా వాళ్ళు 1942లో పి-38 అని వేలెడంత కూడా లేని డబ్బా ఓపెనర్ తయారుచేసి రేషన్‌తో పాటు ఇచ్చారు. వాళ్ళ మెరైన్లకి ఇచ్చిన కా-బార్ కత్తి కూడా ఆ రెండో ప్రపంచ యుద్ధం నాటిదే, 7 ఇంచుల బ్లేడు, చూడ్డానికి భయంకరంగా ఉంటది కానీ దాంతో వాళ్ళు ఎక్కువగా చేసిందేంటంటే డబ్బాలు తెరవడం, గోతులు తవ్వడం, టెంటు మేకులు కొట్టడం. నిజంగా యుద్ధం చేసినోళ్ళ కత్తే పనిముట్టు అయినప్పుడు మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే మనకి ఆయుధం ఎందుకు చెప్పు.

బోస్నియా దేశంలో సరాయెవో అనే ఊరి ముట్టడి గురించి ఎప్పుడైనా చదువు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ఆ ఊరిని చుట్టుముట్టి ఉంచారు. కరెంటు లేదు, గ్యాస్ లేదు, జనం క్యాన్లు పట్టుకుని నీళ్ళ కోసం క్యూలో నిలబడ్డారు, వంటకీ చలికీ పార్కుల్లో ఉన్న చెట్లు నరుక్కున్నారు. అక్కడ ఒక రంపం, ఒక గొడ్డలి ఉన్నోడు రాజు. మనకి చలి బాధ లేదు గానీ వంట బాధ ఉంది. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా ఓడల్లో బయటి నుంచి వచ్చేదే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి. ప్రపంచ యుద్ధం అంటే ముందు దెబ్బ ఆ ఓడల మీదే. అంటే బాంబు పడే కంటే చాలా ముందే మీ అమ్మ సిలిండర్ ఊపి చూసి, ఇంకెన్ని రోజులొచ్చిద్దిరా అని అడుగుద్ది.

అంత దూరం ఎందుకు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్‌లో మా వాళ్ళు మొదటి అంతస్తులో ఇరుక్కుపోయారు. కింద నీళ్ళు, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయినయ్యి. పడవ వచ్చినప్పుడల్లా బాల్కనీలోంచి బకెట్‌కి తాడు కట్టి దించేవాళ్ళు, అందులో నీళ్ళ ప్యాకెట్లు, పాలు, పులిహోర పొట్లాలు. ఆ తాడు ఎక్కడిదంటే బట్టలారేసే నైలాన్ తాడు, అది కూడా రెండు ముక్కలు కలిపి ముడేసింది. తడిసిన నైలాన్ తాడుని మొద్దుబారిన కూరగాయల చాకుతో కోసి చూడు, జారిపోద్ది, పీచులు లేస్తది, తెగదు. పరదా పట్టా కోయాలి, ప్లాస్టిక్ డ్రమ్ము మూతకి బొక్క పెట్టాలి, నీళ్ళ కేసుకి చుట్టిన మందపాటి కవర్ చీల్చాలి. కత్తితో పడ్డ పనులన్నీ ఇయ్యే. అప్పుడు మా వాళ్ళకి పనికొచ్చింది పక్కింటి ప్లంబర్ బ్యాగులో ఉన్న చాకు, దానికి పేరూ లేదు బ్రాండూ లేదు, కానీ వాడు దాన్ని రోజూ సాన పట్టుకునేవాడు.

అందుకని నీ ఐదు వేలు ఒక్క కత్తి మీద పెట్టమాక. మూడు పనులకి మూడు వేరే సరుకులు కావాలి, నాలుగోది సానరాయి. ఆ నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం, దాని దగ్గరికి వస్తా.

వంటింటి సంగతి ముందు. మీ ఇంట్లో అటక మీద అమ్మమ్మ కత్తిపీట ఉండే ఉంటది, దించు. నేను జోక్ చెయ్యట్లేదు. కాలితో తొక్కిపట్టి రెండు చేతులతో కోసే పనిముట్టు అది, కొబ్బరి కోరుకునే పళ్ళు కూడా చివరే ఉంటయ్యి, కొవ్వొత్తి వెలుతురులో చాకు కంటే సేఫ్, ఎందుకంటే కదిలేది నీ చెయ్యి, కత్తి కాదు, అది ఎక్కడుందో నీకు ఎప్పుడూ తెలుస్తానే ఉంటది. మిక్సీ పనిచెయ్యని రోజున అది, రోలు, ఈ రెండే ఇంటిని నడుపుతయ్యి. ఫ్లాట్లలో పిల్లలు తిరుగుతున్నారని అందరూ పాత సామానుకి వేసేస్తన్నారు, నాకు మాత్రం మనసొప్పదు.

ఇక కొనాల్సిన మూడిట్లో మొదటిది, నడుముకో బ్యాగుకో ఉండే మెయిన్ కత్తి. బ్లేడు 4 నుంచి 5 ఇంచులు, మందం 3 మిల్లీమీటర్ల దగ్గర్లో, మడత పెట్టనిది. ఇంతకంటే పొడుగైతే ఉల్లిపాయ కొయ్యడానికీ పనికిరాదు, చెట్టు నరకడానికీ పనికిరాదు. నువ్వు పెట్టుకున్న 12 ఇంచులది సరిగ్గా అదే, రెంటికీ చెడ్డ రేవడి. కొనేముందు చూడాల్సింది బ్లేడు కాదు, పిడి. బ్లేడు ఇనుము పిడి చివరిదాకా ఒకటే పట్టీగా పోయిందా లేదా చూడు, రెండు వైపులా చెక్క పెట్టి రివిట్లు కొట్టి ఉంటే పక్కనుంచి ఇనుము కనపడుద్ది. కొన్నిట్లో సన్నటి ముల్లు లాంటిది కొంచెం లోపలికి పోయి ప్లాస్టిక్‌లో ఆగిపోద్ది, ఎండు తుమ్మ కట్టె మీద పెట్టి వెనక నుంచి కర్రతో రెండు దెబ్బలు వేస్తే పిడి నీ చేతిలో, బ్లేడు కట్టెలో. పిడి లోపల బోలుగా ఉండి అందులో అగ్గిపుల్లలు, గాలం, మూత మీద దిక్సూచి ఉండే టైపు వస్తయ్యి చూడు, అయ్యి అసలు ముట్టుకోమాక. వెనకవైపు రంపం పళ్ళు ఉన్నది కూడా వద్దు, ఆ పళ్ళు ఏ కట్టెనీ కొయ్యవు, నువ్వు బొటనవేలు ఆనించి నొక్కే చోటు మాత్రం పోద్ది.

స్వీడన్‌లో మోరా అనే ఊళ్ళో చేసే మోరా కంపానియన్ అనే కత్తి ఉంది, దానికి పిడిలో ఇనుము పూర్తిగా పోదు, అయినా చిన్నాచితకా కట్టె చీల్చడానికి తట్టుకుంటది, ఆ రేటుకి అంత మంచి ఉక్కు ఇంకోడు ఇవ్వట్లేదు. ఇక్కడికి దిగుమతి కాబట్టి రేటు పైకీ కిందకీ అవుతా ఉంటది, ఆగి కొనుక్కో.

స్టెయిన్‌లెస్సా కార్బన్ స్టీలా అని పెద్ద గొడవలు పెట్టుకుంటారు జనం. మన వైపు గాలికి, కృష్ణ పక్కన ఉండేవాడికి, బద్ధకస్తుడికి స్టెయిన్‌లెస్. కార్బన్ స్టీలు సాన తొందరగా పట్టుద్ది, వాదర, అంటే కోసే అంచు, బాగా వచ్చిద్ది, కానీ నిమ్మకాయో మామిడికాయో కోసి కడక్కుండా వదిలేస్తే తెల్లారేసరికి నల్లమచ్చలు, వర్షాకాలంలో అయితే తుప్పు. తుడిచి రవంత కుట్టుమిషను నూనె రాసుకునే ఓపిక ఉందా, కార్బన్ తీసుకో. లేదా, స్టెయిన్‌లెస్ తీసుకుని నిద్రపో. ఏది కొన్నా తోలు ఒరలో పెట్టి బీరువాలో పడెయ్యొద్దు, తోలు చెమ్మ పీల్చుకుని కత్తిని తినేస్తది. వాడనప్పుడు ఒర వేరు, కత్తి వేరు.

రెండోది మచ్చుకత్తి. కట్టెలకి, కొబ్బరి మట్టలకి, వెదురుకి. దీనికి ఆన్‌లైన్ వద్దు, దిగుమతి సరుకు అసలే వద్దు. గుంటూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళో అయినా కొలిమి ఇంకా నడుస్తుంటే కమ్మరాయన దగ్గరికి పోయి చేయించుకో, లారీ కమాన్ పట్టీ ముక్కతో. ఇక్కడ నా సబ్జెక్ట్ వచ్చింది కాబట్టి కొంచెం ఆగు. కమాన్ పట్టీ ఉక్కు చాలా మంచిది, కానీ అది కమాన్‌గా పనిచెయ్యడానికి తయారైంది, అంటే వంగి మళ్ళీ లేవాలి, అందుకని దాని గట్టిదనం కావాలనే తగ్గించి ఉంచుతారు. దాన్ని గ్రైండర్‌తో కోసి షేపు చేసి పిడి వేసి ఇచ్చేస్తే అది కత్తిలా ఉంటది గానీ వాదర నిలవదు, నాలుగు మట్టలు కొట్టేసరికి మడత పడుద్ది. మళ్ళీ కాల్చాలి. ఎర్రగా కాలి అయస్కాంతం అంటుకోని స్థితికి వచ్చాక నూనెలో ముంచాలి, నీళ్ళలో ముంచితే ఈ ఉక్కు పగిలే ఛాన్స్ ఉంది. అప్పుడది గాజులాగా పెళుసుగా ఉంటది, దాన్ని అలాగే వాడితే ముక్కలే. తర్వాత మెల్లగా సెగ చూపించి పెళుసుతనం దించాలి. బాగా రుద్ది తెల్లగా చేసిన చోట రంగు మారతా కనపడుద్ది: ముందు ఎండుగడ్డి రంగు, ఆ తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. చిన్న చాకుకి ఎండుగడ్డి రంగులో ఆపాలి, దెబ్బలు తినే మచ్చుకత్తికి ఇంకొంచెం ముందుకి పోనిచ్చి ఆపాలి. మంచి కమ్మరాయన ఇదంతా నోటితో చెప్పడు, చూసి చేసేస్తాడు.

తీసుకునేటప్పుడు టెస్టు ఒకటుంది. చిన్న ఆకురాయి తీసుకుపోయి వాదర మీద ఒకసారి లాగు. వెన్నలో దిగినట్టు కొరికి రజను రాలిందా, అది మెత్తన, వెనక్కి ఇచ్చెయ్. కొంచెం కొరికీ కొరకనట్టు బరుక్కుంటూ జారిందా, తీసుకో. ఇంకోటి, పట్టీ పాతదైతే లారీ కింద కోట్ల సార్లు వంగి ఉంటది, కంటికి కనపడని చీలికలు ఉంటయ్యి, కాల్చినప్పుడు అక్కడే పగులుద్ది. బోల్టు బొక్క పక్క ముక్క అసలు వద్దను. కొత్త పట్టీ కోసినప్పుడు మిగిలిన ముక్కలు మా షాపుల్లో తుక్కు కింద పోతయ్యి, అడిగితే కేజీ లెక్కన ఇస్తారు.

మూడోది జేబులోది. ఇక్కడ మాత్రం బ్రాండ్ సరుకు కొను, అన్ని పనిముట్లూ ఒకదాంట్లో మడిచిపెట్టే చీప్ మల్టీటూల్ అయితే దాని ప్లయర్ ఒకసారి గట్టిగా నొక్కితే నోరు విరిగిద్ది. ఇందాక చెప్పిన స్విస్ నైఫ్ చేసే విక్టోరినాక్స్ కంపెనీది, 91 మిల్లీమీటర్ల సైజులో కత్తెర, చిన్న రంపం, డబ్బా ఓపెనర్ ఉన్న మోడల్ చూడు. ఆ రంపం బుల్లిది గానీ వేలిమందం కొమ్మని నిజంగానే కోస్తది. వెనక ఉండే మొన మన దబ్బనం పని చేస్తది, మిర్చి గోతాం కుట్టేవాళ్ళని చూశావుగా, అదే టైపు, గోనె సంచులు, పరదాలు, బ్యాగు పట్టీలు కుట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, దాని బ్లేడుకి లాక్ ఉండదు, మొన ఆనించి పొడిస్తే నీ వేళ్ళ మీదకే మూసుకుపోద్ది. లాక్ కావాలంటే ఫ్రాన్స్ వాళ్ళ ఒపినెల్ ఉంది, 1890 నుంచి చేస్తన్నారు, రింగు తిప్పితే బ్లేడు బిగుసుకుపోద్ది, చవక కూడా. కానీ చెక్క పిడి కదా, ముసురు పట్టిందంటే ఉబ్బి బ్లేడు బయటికే రాదు, అవసరానికి పళ్ళతో లాగాల్సొస్తది.

ఇప్పుడు సానరాయి. నీకు సాన పట్టడం రాకపోతే పైన చెప్పినయ్యన్నీ నెల రోజుల సరుకు. వీధిలో సైకిల్ మీద చక్రం తిప్పుకుంటా వచ్చే ఆయన ఉన్నాడుగా అంటావు. ఆయన చక్రం పొడి చక్రం, నిప్పురవ్వలు లేస్తా ఉంటే చూడ్డానికి బాగుంటది, కానీ పల్చటి వాదర అక్కడ కాలిపోద్ది. ఇంటికొచ్చాక మొన దగ్గర వెలుతురులో చూడు, నెమలి మెడలో కనపడే నీలం ఉంటది. ఇందాక చెప్పిన రంగులు గుర్తున్నయ్యా, నీలం దాకా పోయిందంటే అక్కడ గట్టిదనం పోయిందని, ఆ ముక్క అరిగేదాకా ఇంక పదును నిలవదు. పైగా యుద్ధంలో ఆయన రాడు.

రెండు వైపులా వేరువేరు గరుకు ఉండే కార్బొరండం రాయి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుద్ది, మీకు పట్నం బజార్‌లో, మాకు వన్ టౌన్‌లో, రెండు మూడు వందల్లో అయిపోద్ది. నీళ్ళలో వెయ్యి, బుడగలు ఆగేదాకా ఉంచు. తడిగుడ్డ మీద పెడితే రాయి జారదు. ఇంచు వెడల్పు బ్లేడు అయితే వెనకవైపు రాయికి ఒక పెన్సిల్ మందం ఎత్తులో పట్టుకో, ఆ ఎత్తు మారకుండా వాదర ముందుకి తోస్తా పో, రాయి మీద పల్చటి పొర చెక్కుతున్నట్టు. స్పీడు అక్కర్లా, ఎత్తు మారకపోవడమే మొత్తం విద్య. కాసేపటికి రెండో వైపు వేలితో అడ్డంగా, వాదర వెంట కాదు, అడ్డంగా తడిమితే సన్నగా గరుకు తగులుద్ది, మా లేత్ వాళ్ళు బర్రు అంటారు. అది మొత్తం పొడవునా వచ్చేదాకా వైపు మార్చొద్దు, కొత్తవాళ్ళందరూ ఇక్కడే ఓపిక పోయి రెండు వైపులా పది పది సార్లు లాగి పదును రాలేదంటారు. వచ్చాక తిప్పి రెండోవైపు అంతే చెయ్యి, తర్వాత సన్న వైపు రాయి, చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగు. టమాటా మీద నొక్కకుండా పెడితే తొక్కలోకి దిగాలి, అప్పుడు ఆపు. రాయి పోయిన రోజున పింగాణీ కాఫీ కప్పు బోర్లించి అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద కూడా ఇదే పని అయిద్ది.

నేర్చుకోవడం ఇప్పుడు, ఇంట్లో ఉన్న చవక చాకు మీద. కొత్త కత్తి మీద మొదలుపెట్టమాక.

చట్టం సంగతి కూడా చూసుకో. ఆయుధాల చట్టం 1959, దాని కింద 2016 రూల్స్ ప్రకారం బ్లేడు 9 ఇంచుల కంటే పొడుగు లేదా 2 ఇంచుల కంటే వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల లిస్టులోకి వస్తయ్యి, కుక్రీలు కూడా పేరు పెట్టి రాశారు. ఇంటిపనికి, వ్యవసాయానికి, ఫ్యాక్టరీ పనికి చేసినయ్యి మినహాయింపు. అంటే కత్తిపీటకీ మచ్చుకత్తికీ ఇబ్బంది లేదు, కానీ నల్ల రంగు వేసి టాక్టికల్ అని రాసిన 12 ఇంచులది చూపించి ఇది బెండకాయలు కొయ్యడానికి సార్ అంటే ఏ కానిస్టేబుల్ నమ్ముతాడు? మచ్చుకత్తి కూడా ఇంట్లో ఉండాలి గానీ బైక్ మీద తిప్పేది కాదు. గొడవల టైములో పాత 144 సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టంలో 163 అయింది, ఆ ఆర్డర్ పెడితే కర్ర పట్టుకుని రోడ్డెక్కినా లోపలేస్తారు. యుద్ధం టైములో చెకింగులు ఇంకా ఎక్కువ ఉంటయ్యి, తక్కువ కాదు.

చెల్లి హ్యాండ్‌బ్యాగులో రక్షణకి చిన్న కత్తి అన్నావు, వద్దు. కంగారులో తీసిన కత్తి ఎదుటోడి చేతిలోకి పోవడం చాలా ఈజీ. విజిల్, టార్చి, చార్జింగ్ ఉన్న ఫోను పెట్టు. కత్తి డబ్బుల్లో కొంత మిగిల్చి మెడికల్ షాపులో మొన మొద్దుగా ఉండే డ్రెస్సింగ్ కత్తెర, గాజుగుడ్డ, రోల్ బ్యాండేజీ కొను. దెబ్బ తగిలినోడి బట్టలు కత్తితో చీల్చబోతే ఇంకో గాయం అయిద్ది, దానికి ఆ కత్తెరే. ఇంట్లో ముగ్గురూ టీటీ ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి, పదేళ్ళు దాటితే వేయించుకోండి. కత్తితో ఎక్కువ మందికి తెగేది శత్రువు చెయ్యి కాదు, తన ఎడమచెయ్యే, అందులోనూ తుప్పుదీ మొద్దుదీ పట్టుకుని బలం పెట్టి నొక్కినప్పుడు.

కొనే వరస చెప్తా: ముందు సానరాయి, తర్వాత కత్తెర, బ్యాండేజీ సామాను, ఆ తర్వాత జేబు కత్తి, మచ్చుకత్తి, డబ్బులు మిగిలితే మోరా. ఐదు వేలకి మొత్తం రాకపోతే మోరా వచ్చే నెలకి జరుపు, అందాకా వంటింటి చాకునే సాన పట్టి వాడుకో, యుద్ధం ఈ నెలలో రాదులే. ఆ 12 ఇంచులది కార్ట్‌లోంచి తీసెయ్. కమాన్ పట్టీ ముక్క కావాలంటే ఆటోనగర్ వైపు రా, ఆదివారం మాత్రం వద్దు, మా రోడ్డంతా మూసేస్తారు.